జతగాని పేరు చెప్పని నా కొడుకు

నా కొడుకు పోయాడన్న కబురు తెచ్చినవాడు, రెండేళ్లుగా మా ఇంట్లో ఎవరమూ పేరెత్తని మనిషి. పొద్దు వాలే వేళకు ఊరి బయట గొర్రెల అరుపు వినిపించింది. వలస పోయిన మంద తిరిగొచ్చిందని కదురు పక్కన పెట్టి పరుగున పోయాను. మంద ముందు నా కొడుకు లేడు. వాని చిన్ననాటి జతగాడు ఉన్నాడు. చిక్కి సగమయ్యాడు. భుజం మీద నా కొడుకు కంబళి. నన్ను చూడగానే దారిలోనే కూలబడ్డాడు.

"వాణ్ణి తేలేకపోయినా పెద్దమ్మా. మందను తెచ్చినా" అన్నాడు.

ఆ కంబళిని చూశాక నాకు అడగవలసింది మిగల్లేదు. చెరువుల సీమలో చలిజ్వరం తగిలి, ధర్మాసుపత్రికి మోసుకుపోయే దారిలోనే నా బిడ్డ కన్ను మూశాడట. ఆ ఊరివాళ్లు మంచివాళ్లు, పూడ్చడానికి చోటిచ్చారు. పంతొమ్మిదేళ్లవాడు.

నాకు పెద్ద చదువు లేదు. భజన పుస్తకం చదువుకుంటుందిలే అని మా అయ్య అక్షరాలు దిద్దించాడు, అంతవరకే. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఏడుస్తూ రాసిందని అనుకోవద్దు. ఏడుపు ఉండనే ఉంది, అది ఇంట్లో ఏడుస్తాను. నా కొడుకు ఎట్లాంటివాడో నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను.

మాది పావగడ తాలూకాలో ఒక చిన్న ఊరు. మేము మైసూరు మహారాజు సీమలోని వాళ్లమే, కానీ ఏ దిక్కుకు నడిచినా పొద్దు నడినెత్తికి రాకముందే సరిహద్దు రాళ్లు తగులుతాయి. రాళ్లకు అవతల కుంపిణీ సీమ, ఇంగ్లీషువాళ్లది. మా ఇంటాయన మగ్గం మీద కంబళ్లు నేస్తాడు. నేను ఉన్ని వడుకుతాను. గొర్రెలు కాసే పని నా కొడుకుది. పదేళ్లు నిండకముందే వాడు మంద వెనక పోయాడు.

ఒక్కడే పోలేదు. మా ఇంటికి రెండిళ్లవతల జతగాని ఇల్లు. వాళ్ల నాయన చిన్నప్పుడే పోయాడు. తల్లి కూలికి పోయేది. వాళ్లకున్న గొర్రెలను మా మందలో కలిపేశాం. మావాటికి కుడి చెవికి కోత, వాళ్లవాటికి ఎడమ చెవికి కోత. గుర్తు అంతవరకే, మేత ఒకటే, నీళ్లు ఒకటే, దొడ్డి ఒకటే. మా పిల్లలూ అంతే. వాన పడితే ఒక కంబళి కింద ఇద్దరూ దూరి వచ్చేవాళ్లు. నాలుగు కాళ్లు మాత్రం కనిపించేవి. మా ఇంటాయన మగ్గంలో కూర్చునే, ఏదో కొత్త జీవం వస్తోందని కేకేసేవాడు.

ఉన్నమాట చెప్పాలి. ఇద్దరిలో ధైర్యస్తుడు జతగాడే. కొండ బండ మీద తేనె తీసింది వాడు. తోడేలును కర్రతో తరిమింది వాడు. నా కొడుకు ఉరుము ఉరిమితే పొట్టేలు కడుపు కింద తల దూర్చేవాడు. ఊరంతా నవ్వేది, వాడూ నవ్వేవాడు. వాని ధైర్యం వేరే చోట ఉందని అప్పట్లో మాకెవరికీ తెలియదు.

వాని మొలతాడుకు ఎప్పుడూ ఒక చిమటా వేలాడుతుండేది. గొర్రెల కాళ్లలో ముళ్లు తీయడానికి. గొర్రెలకు తీసి తీసి చేయి తిరిగిపోయింది. దాంతో ఊళ్లో ఎవరికి ముల్లు విరిగినా మా వాకిట్లోకే వచ్చేవారు. కాలు తన తొడ మీద పెట్టుకుని, "నువ్వు దాన్ని చూడొద్దు. ఏదో ఒకటి చెప్తా ఉండు" అనేవాడు. వాళ్లు ఎద్దు ధరో అల్లుని సంగతో మొదలుపెట్టేవారు. మాట ముగిసేసరికి ముల్లు వాని అరచేతిలో ఉండేది. ఆ విధంగా ఊళ్లోవాళ్ల సంగతులన్నీ వానికి తెలుసు. ఒక్కటీ బయటికి చెప్పేవాడు కాదు. నేను అడిగితే, "ముల్లు చూపిస్తాను గానీ మాట చూపించను" అనేవాడు.

అన్నం దగ్గర కూడా వానికొక అలవాటు. సంగటి ముద్ద పెడితే మొదట ముద్దను రెండుగా చీల్చేవాడు. జతగాడు ఉన్నా లేకపోయినా అంతే. లేని రోజు రెండో సగాన్ని కూడా తానే తినేవాడనుకోండి. చీల్చడం మాత్రం మానలేదు.

యుద్ధం రోజుల్లో మా వైపుకు గంజాయి గుంపు వచ్చింది. సర్కారు అంగడిలో గంజాయి అమ్మేవారు గానీ దానికి సుంకం ఉండేది. సుంకం కట్టని సరుకును వీళ్లు రాళ్లకు అవతలి నుంచి నెత్తిన మూటలు పెట్టుకుని దాటించేవాళ్లు. ఊరికి ఉత్తరాన ఈచల తోపు ఉంది. కల్లు తాగేవాళ్ల చోటు అది. గుంపు పెద్ద అక్కడే కూర్చునేవాడు. మాకు దీపానికి కిరసనాయిలు దొరకని ఆ రోజుల్లో వాళ్ల చేతుల్లో బ్యాటరీ లైట్లు ఉండేవి. పదహారేళ్ల పిల్లలకు అవి చాలవా? మొదట బీడీలు ఇచ్చారు. తర్వాత చిలుము ఇచ్చారు. నా కొడుకు ఒక్క దమ్ము పీల్చి, దగ్గి దగ్గి కళ్లలో నీళ్లు తెచ్చుకుని, ఈ వాసనకు గొర్రెలు తన దగ్గరికి రావని చెప్పి వచ్చేశాడు. జతగాడు రాలేదు. ఇంకొంచెం సేపు ఉండి వస్తానన్నాడు. ఆ ఇంకొంచెం సేపు రోజుకింత పెరిగింది.

ఆ గుంపుకు మా పిల్లలతో ఏం పని అని మీరు అడగొచ్చు. మా ఎర్రమట్టి నేలలో అడుగు పడితే వాన వచ్చేదాకా చెరగదు. మా తళారి, అంటే ఊరి కావలిమనిషి, జాడ పట్టడంలో గట్టివాడు. మడమ లోతుగా దిగితే నెత్తిన బరువుందని చెబుతాడు. జాడ ఏ ఊరి పొలిమేరలోకి వచ్చి ఆగిపోతే ఆ ఊరే జవాబు చెప్పాలి, లేదా జాడ ఎటు బయటికి పోయిందో చూపించాలి. అందుకని గుంపుకు జాడ చెరిపేవాళ్లు కావాలి. తెల్లవారగానే వాళ్లు నడిచిన దారి మీద ఒక మందను తోలితే చాలు. వందల గిట్టల కింద మనిషి అడుగు మిగలదు. గొర్రెల కాపరి మంద తోలుకుపోతే ఎవరికి అనుమానం?

నా కొడుకును ముందు అడిగారు. ఆ సంగతి వాడే అన్నం తింటూ నాకు చెప్పాడు, గుంపు పెద్ద గొంతును అచ్చం దించుతూ.

"ఏమప్పా, పొద్దున్నే మేము పోయిన దారెంబడి మందనొకసారి నడిపియ్యి. మీ గొర్రెలకేం, కాళ్లు ఊరికే ఉండాయి గదా" అన్నాడట.

మా గొర్రెలు మేత ఉండే దారినే నడుస్తాయని, ఆ దారిలో అన్నీ రాళ్లేనని వీడన్నాడు.

"గొర్రెల్లో పెరిగి గొర్రె అయిపోయినావు గదప్పా" అని ఆయన నవ్వితే తోపంతా నవ్వింది.

"అవునన్నా. దానికే మందలో ఉంటా" అని చెప్పి వచ్చేశాడు నా కొడుకు.

చెబుతూ నవ్వాడు గానీ ముద్ద సగంలోనే లేచాడు. జతగాడు కూడా వాళ్లతో కలిసి నవ్వాడట. దారిలో ఇద్దరికీ మాటామాటా వచ్చింది. "ఒక్క పొద్దు నడిపితే ఏం పోతాది రా? గొర్రెలకేమన్నా తెలుస్తాదా?" అన్నాడట జతగాడు. "గొర్రెలకు తెలీదు. మనకు తెలుసు గదా" అన్నాడట వీడు. వాళ్లిద్దరూ పోట్లాడుకోవడం నేను వినడం అదే మొదలు.

ఆ వారంలోనే మా పెద్ద పొట్టేలు కాలు ఎవరో విరగ్గొట్టారు. ఎవరో మాకు తెలుసు. నా కొడుకు దాన్ని మెడ మీద వేసుకుని కొండ దగ్గర నుంచి ఇంటిదాకా మోసుకొచ్చాడు. వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. రేపటి నుంచి ఆ వైపు పోవద్దురా అని మా ఇంటాయన అన్నాడు. మేత ఉన్నది ఆ వైపేనని చెప్పి మరునాడు ఆ వైపే పోయాడు. ఉరుముకు భయపడే పిల్లవాడు.

తర్వాత జరిగింది ఇది. మా ఇంటాయన మగ్గానికి కొత్త పడుగు పెట్టాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి. నా కొడుకు వేకువ నుంచి ఇంట్లోనే ఉండి నాయనకు సాయం చేశాడు. మందను ఆ పూట జతగాడు తోలుకుపోయాడు. పొద్దెక్కాక తళారి, వాని వెనక అబ్కారీ జవాన్లు ఊళ్లోకి వచ్చారు. సరిహద్దు రాళ్ల నుంచి బరువు మోసిన అడుగులు మా పొలిమేరదాకా వచ్చాయి. అక్కడి నుంచి వాటి మీద మంద నడిచింది. జాడ మా ఊళ్లోనే ఆగిపోయింది. జవాన్లు ప్రతి ఇంటికీ వచ్చి గాదెలు కుమ్మరించారు, పొయ్యిలు తవ్వారు, బాలింత మంచం కూడా లేపారు. సరుకు దొరకలేదు. ఊరి మర్యాద పోయింది.

పటేలు ఊరిని చావడికి పిలిచాడు. మంద ఎవరిదని అడిగాడు. నా కొడుకు లేచి నిలబడ్డాడు.

"మంద మాదే సామీ."

జతగాణ్ణి అడిగారు. వాడు నేల చూస్తూ, ఆ పూట తాను ఊళ్లోనే లేనని, మేనత్త ఊరికి పోయానని చెప్పాడు. తోపులో కూర్చునే ఒకడు అవునని తల ఊపాడు. నా కొడుకు జతగాని వైపు చూశాడు. కోపంగా చూడలేదు. ముల్లు ఎంత లోతు దిగిందో చూసేటప్పుడు చూస్తాడే, అట్లా చూశాడు. మా ఇంటాయన లేచి, నా కొడుకు పొద్దున్నుంచి మగ్గం కాడే ఉన్నాడని చెప్పాడు. కన్నవాళ్ల మాట సాక్ష్యం కాదన్నాడు పటేలు. తోలింది నువ్వా అని నా కొడుకునే మళ్లీ అడిగాడు.

"మంద మాది సామీ. నేను చెప్పేది అంతే" అన్నాడు.

అవునని అనలేదు, కాదని అనలేదు, ఇంకొకరి పేరు ఎత్తలేదు. ఊరు అది ఒప్పుకోలు కిందే తీసుకుంది. ఆ రోజు నుంచి ఎవరి చేనిలోనూ మా మంద పెట్టకూడదని కట్టడి చేశారు. గొర్రెల వాళ్లకు దీనికన్నా పెద్ద శిక్ష లేదు. పంట కోశాక రైతులు తమ చేలల్లో మందను నిలుపుకుంటారు. ఎరువు వాళ్లకు, దానికి బదులు గింజలు మాకు. ఆ గింజలతోనే మా ఏడాది గడవాలి.

ఇంటికొచ్చాక వాణ్ణి నిలదీశాను. యాలరా నీకు ఈ మొండితనం, వాడు అందరిలో అబద్ధం చెప్పినాడే, నువ్వు నిజం చెప్పేదానికేమని అడిగాను. వాడు కాలు విరిగిన పొట్టేలుకు కట్టు మార్చుతున్నాడు. తలెత్తకుండానే చెప్పాడు.

"నేను చెప్తే ఊరు వాణ్ణి తరుముతాదమ్మా. తరిమితే వాడు యాడికి పోతాడు? తోపుకే పోతాడు. తిరిగొచ్చేదానికి వానికొక దారుండల్ల. వాడే చెప్పల్ల, అప్పుడే వాడు వచ్చినట్ల."

"చెప్పకపోతే?"

"చెప్పేదాకా రాళ్లల్లో మేపుతా."

మా ఇంటాయన మగ్గంలోంచి అంతా విన్నాడు. ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తొద్దని నాకు సైగ చేశాడు. మేమిద్దరమూ ఎత్తలేదు.

మందను వేరు చేయమని నా కొడుకే అడిగాడు. తన గొర్రెలను ఇంకోసారి ఆ పనికి తోలనివ్వనన్నాడు. వేరు చేసేటప్పుడు మాలో ఒక పద్ధతి ఉంది. మందను మధ్యలో నిలిపి, ఇద్దరు కాపరులూ చెరో దిక్కున నిలబడి ఎవరి కూత వాళ్లు కూస్తారు. ఎవరి గొర్రెలు వాళ్ల వెంట పోవాలి. ఆ రోజు ఇద్దరూ కూశారు. కుడి చెవి కోతవీ, ఎడమ చెవి కోతవీ అన్నీ కలిసి నా కొడుకు దగ్గరికే వచ్చి నిలబడ్డాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు నవ్వారు. జతగాని ముఖం నల్లబడింది. నా కొడుకు నవ్వలేదు. ఎడమ చెవి కోతవాటిని ఒక్కొక్కదాన్నే పట్టుకుని, వాటి చెవిలో ఏదో చెబుతూ, జతగాని దొడ్డిదాకా తానే తోలి తలుపు మూసి వచ్చాడు. ఆ తర్వాత చాన్నాళ్లు రెండు దొడ్లలోని గొర్రెలూ ఒకదాన్నొకటి పిలుచుకుని అరిచేవి. ఎదురుపడితే మళ్లీ కలిసిపోతాయి. అందుకని ఒకడు తూర్పుకు పోతే ఇంకొకడు పడమటికి పోవాలి. కలిసి పెరిగిన పిల్లలు ఒకే ఊళ్లో ఉండి, ఒకరి నీడ ఒకరి మీద పడకుండా తిరగడం నేను కళ్లారా చూశాను.

జతగాడు త్వరగానే మారిపోయాడు. వాని గొర్రెలను గుంపు తన విందులకు కోసుకుంది. మిగిలినవి మేత లేక, నీళ్లు లేక వచ్చి మా మందలో దూరేవి. నా కొడుకు వాటిని మేపి, ముళ్లు తీసి, సాయంత్రం వాళ్ల దొడ్డిలో వదిలేసి వచ్చేవాడు. జతగాని తల్లి తలుపు సందులోంచి చూసి తల దించుకునేది. చివరికి అవీ లేకుండా పోయాయి.

ఒకరోజు బావి దగ్గర నేను నీళ్లు చేదుతున్నాను. నా కొడుకు గొర్రెలకు తాపుతున్నాడు. జతగాడు గుంపుతో కలిసి దారిన వచ్చాడు. ఒంటి మీద ఖాకీ కోటు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. గుంపులో ఒకడు, అదిగో నీ గొర్రె జతగాడు రా అని ఎగతాళి చేశాడు. నా కొడుకు జతగాణ్ణే చూస్తూ, "కోటు బాగుండాది రా. చలికి పనికొస్తాది" అన్నాడు. నిజంగానే అన్నాడు, ఎత్తిపొడుపు కాదు. జతగాడు ముఖం తిప్పుకుని పోయాడు. కొంత దూరం పోయాక ఒకసారి వెనక్కి చూశాడు. అది నేను చూశాను, నా కొడుకు చూడలేదు.

రెండు వేసవులు వాడు కొండ రాళ్ల మధ్యనే మేపాడు. ఇంట్లో సంగటి పలచబడి అంబలి అయింది. వాడు మాత్రం నవ్వడం మానలేదు. ఈ మధ్యలో ఒక తమాషా కూడా జరిగింది. కట్టడి చేసినవాళ్లలో ముందున్న పెద్ద రైతుకు మడమలో తుమ్మముల్లు విరిగింది. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు కుంటుకుంటూ మా వాకిట్లోకి వచ్చాడు. నా కొడుకు కాలు తొడ మీద పెట్టుకుని, చూడొద్దు, ఏదైనా చెప్తా ఉండు అన్నాడు. పెద్ద రైతుకు చెప్పడానికి మాట దొరకలేదు. "నీవన్నా చెప్పప్పా" అన్నాడు. అప్పుడు నా కొడుకు ఆయన చేను గురించే చెప్పడం మొదలుపెట్టాడు. వాయవ్య మూల నేల ఎట్లా వెలవెలబోయిందో, చెనిక్కాయ తీగ, అదే వేరుశనగ, అక్కడ ఎందుకు పసుపుబారిందో, అక్కడ నాలుగు రాత్రులు ఏదైనా మంద నిలబెడితే ఎట్లా తేరుకుంటుందో. మా మంద అనలేదు, ఏదైనా మంద అన్నాడు. ముల్లు వచ్చేసింది. ఆయన లేచి, కండువా దులుపుకుని, తలవంచుకుని పోయాడు. నేను లోపల కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాను.

మూడో వేసవికి రాళ్లల్లో కూడా గడ్డి లేకపోయింది. వాడు ఒక్కడే మందను తోలుకుని దక్షిణాన చెరువుల సీమకు వలస పోయాడు. నేను వాణ్ణి చూడడం అదే ఆఖరు. అక్కడ జరిగిందంతా జతగాడు మా గడప బయట కూర్చుని చెప్పింది. లోపలికి రమ్మంటే రాలేదు.

ఒక మూట పోగొట్టాడని గుంపు జతగాణ్ణి చావగొట్టి వదిలేసిందట. ఏదో సంతలో బండి కింద పడి ఉంటే నా కొడుకు చూశాడు. అంబలి తాపి, ముఖం కడిగి, ఒకే మాట అన్నాడట. "లెయ్. మంద కదలల్ల."

జతగాడు లేచి మంద వెనక నడిచాడు. మొదటి రోజుల్లో గంజాయి లేక ఒళ్లంతా వణుకు. పిచ్చెక్కినట్టు అరిచేవాడట. రెండుసార్లు పారిపోయాడు. నా కొడుకు వెతకలేదు. వంట చేసిన చోట బండ మీద సగం ముద్ద పెట్టి మందను తోలుకుపోయేవాడు. ఆకలేసి తిరిగొస్తే ముద్ద ఉండేది, మంద దుమ్ము కనిపించేది. రెండోసారి తిరిగొచ్చాక ఇంక పోలేదు.

అంతా విన్నాక నేను ఒక్కటే అడిగాను. చావడి సంగతి ఏమైనా అన్నాడా అని.

"ఒక్క పొద్దూ అడగలేదు పెద్దమ్మా. అడిగింటే బాగుండు. వాడు కాళ్లు చల్లబడి నా వీపు మీద ఉండేటప్పుడు నేనే ఎత్తినా, ఊరికి పోయి చెప్తాను రా అన్నా. ముందు దారి చూసి నడువు అన్నాడు."

మరునాడు పొద్దున్నే జతగాడు చావడి దగ్గరికి పోయి ఊరిని పిలిపించమని తళారిని అడిగాడు. మా ఇంటాయన నా చేయి పట్టుకుని తీసుకుపోయాడు. జతగాడు మధ్యలో నిలబడ్డాడు. ఈసారి నేల చూడలేదు, పటేలు ముఖంలోకే చూశాడు. తోడేలును తరిమిన పిల్లవాడే.

"ఆ పొద్దు జాడ మీద మంద తోలింది నేను. మేనత్త ఊరికి పోయినానని చెప్పింది అబద్ధం. వాడు ఇంట్లో మగ్గం కాడ ఉన్నాడు. గుంపు ఏ దారిన వచ్చేదో, సరుకు యాడ పెట్టేదో అంతా చెప్తాను. నన్నేం చేసినా సరే."

అప్పుడు తళారి లేచాడు. ముసలాయన, కర్ర మీద ఆనుకుని నిలబడ్డాడు.

"మంద వెనక పడిన అడుగు నీదని నాకు ఆ పొద్దే తెలుసప్పా. చావడిలో చెప్పల్లనుకుంటే, ఊరు కూడకముందే వాడొచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు. మా జతగాడే చెప్తాడు, నువ్వు చెప్పొద్దన్నా అన్నాడు. పిల్లవాని మాటకు కట్టుబడి సర్కారు ఉప్పు తినే నేను రెండేళ్లు నోరు మూసుకున్నా. ఇప్పుడు నన్ను కూడా ఏం చేస్తారో చేయండి."

మా ఇంటాయన చావడి స్తంభానికి ఆనుకుని ఏడ్చాడు. నాకు ఆ నిమిషంలో ఏడుపు రాలేదు. నా కొడుకు పక్కనే నిలబడి ఉంటే ఎట్లా ఉండేదో అట్లా నిటారుగా నిలబడ్డాను. ఇంతమంది పెద్దవాళ్లు ఉన్న ఊళ్లో, పదిహేడేళ్ల పిల్లవాడు ఒక మనిషి తిరిగొచ్చే దారిని ఒంటిగా కాపలా కాశాడు. గుంపు చేతిలో కర్రలున్నాయి, ఊరి చేతిలో కట్టడి ఉంది. వానికున్నది నోరు మూసుకుని ఉండగల ఓర్పు ఒక్కటే. వాణ్ణి కన్నది నేను. అది గర్వమంటే గర్వమే. దాచుకోను.

గుంపు పెద్ద ఆ వారంలోనే రాళ్లు దాటి ఎటో పోయాడు. తళారిని, జతగాణ్ణి పటేలు గట్టిగా మందలించి వదిలేశాడు. కట్టడి తీసేశారు. మొదట వచ్చింది ఆ పెద్ద రైతే. చేనిలో మంద పెట్టాలమ్మా అని వాకిట్లో నిలబడి అడిగాడు. మందకు ఇప్పుడు కాపరి ఎవరని కూడా అడిగాడు. జతగాడే కాస్తాడని చెప్పాను. ఆయన ముఖం మారింది. గంజాయి పట్టిన చేయి, నమ్మేదెట్లా అని గొణిగాడు.

"మంద కావాలంటే వాడూ వస్తాడన్నా. వాడు వద్దంటే మందా వద్దు. నా కొడుకు మేపినట్టే రాళ్లల్లో మేపించుకుంటా" అన్నాను.

ఆయన రెండడుగులు వేసి ఆగాడు. తర్వాత, రేపే తోలుకు రమ్మను అని చెప్పి పోయాడు.

నిన్న సాయంత్రం నేను గట్టు మీద కూర్చుని చూశాను. చెనిక్కాయ పీకేసిన చేను, ఎర్రగా, మెత్తగా ఉంది. జతగాడు చుట్టూ తడికలు నాటి మందను లోపలికి వదిలాడు. పెద్ద రైతు భార్య ముంతలో అంబలి తెచ్చి తడిక మీదుగా అందించింది. వాడు రెండు చేతులతో అందుకుని తాగాడు. మెల్లగా వెలుతురు తగ్గింది. గొర్రెలు అరవడం ఆపి, ముందు ముసలివి, తర్వాత పిల్లల తల్లులు, చివరికి పిల్లలు, ఒక్కొక్కటే మోకాళ్లు మడిచి కూర్చున్నాయి. చేనంతా పడుకుంది. మధ్యలో వాడు ఒక్కడే నిలబడి ఉన్నాడు.